ఏటి ఒడ్డు స్టేడియం: పాఠకుల ప్రశ్నలకు డ్రిల్లు మాస్టారి జవాబులు

గోదారికి ఎర్రనీరు వచ్చే రోజులు దగ్గర పడ్డాయి. ఏటా ఈ రోజుల్లో నాకు వచ్చే ఉత్తరాలు క్రికెట్ గురించో, ఊళ్ళలో పెట్టే వాలీబాల్ పోటీల గురించో ఉంటాయి. ఈసారి సగానికి పైగా బ్రెజిల్ ఫుట్‌బాల్ లీగు గురించి వచ్చాయి, అందులోనూ 2024 సీజను గురించే. ఎందుకా అనుకున్నాను. ఈ కింది మొదటి ఉత్తరం చదివాక తెలిసింది. దాన్నే ముందు పెట్టి, దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మిగతావాళ్ళు మరోలా అనుకోకండి.

ప్రశ్న: మాస్టారూ, మాది వైనతేయ పాయ పక్కన లంక. 2022 జులై వరదకు మా ఇంట్లో నడుం లోతు నీళ్ళు నిలబడ్డాయి. మావాడు డిగ్రీ చదువుతున్నాడు, ఫోన్లో బ్రెజిల్ మ్యాచ్‌లు చూస్తాడు. 2024లో అక్కడ వరదొస్తే దేశమంతా ఆడే లీగునే ఆపేశారని చెప్పాడు. నిజమేనా? మునిగిన ఊళ్ళ జట్ల కోసం మునగని ఊళ్ళవాళ్ళు ఆట మానుకోవడం న్యాయమేనా? ఆ జట్లు చివరికి ఏమయ్యాయి?
— ఒక రైతు, పి.గన్నవరం మండలం

జవాబు: నిజమేనండి. మీ అబ్బాయి సరిగ్గానే చెప్పాడు. కాకపోతే సీజను మొత్తం ఆగలేదు, రెండు రౌండ్లు ఆగాయి. జట్లన్నీ ఒక్కో మ్యాచ్ ఆడితే ఒక రౌండు. ఆ సంగతి మీకు చెప్పడం తేలిక, సగం మీకు ముందే తెలుసు.

బ్రెజిల్‌కు దక్షిణాన అట్టడుగున రియో గ్రాండె దొ సుల్ అనే రాష్ట్రం ఉంది. రాజధాని పోర్టో అలెగ్రె. ఊరి ముందే గ్వాయిబా. దాన్ని కొందరు ఏరంటారు, కొందరు సరస్సంటారు. జకూయి, కాయి, సినోస్, గ్రవతాయి నదుల నీళ్ళన్నీ వచ్చి అందులో కలుస్తాయి. అక్కణ్ణించి పాటోస్ అనే పొడవాటి సరస్సులో పడి, చివర ఒక ఇరుకు మొగలోంచి అట్లాంటిక్‌లోకి పోవాలి. దక్షిణపు గాలి ఎదురు తోసిందంటే నీళ్ళు ముందుకు కదలవు. అంతర్వేది దగ్గర సముద్రం పోటు మీదున్నప్పుడు ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు దిగువకు తీయక, లంకల్లో గంట గంటకూ ఎలా ఎక్కుతాయో మీరు చూసినవారే.

2024 ఏప్రిల్ నెలాఖరు నుంచి అక్కడ కుండపోత వాన. 1941 వరదకు గ్వాయిబా 4.76 మీటర్లు లేచిందని అక్కడివాళ్ళు చెప్పుకునేవారు, మనం 1986 గోదారి వరద గురించి చెప్పుకున్నట్టు. 2024 మే మొదటి వారంలో ఆ గుర్తు కూడా మునిగిపోయి నీళ్ళు 5 మీటర్లు దాటాయి. 1941 దెబ్బ తిన్నాక ఊరికి గోడ, గట్లు, పంపులు పెట్టుకున్నారు. చాలా పంపులు ఆగిపోయాయి, నీళ్ళు ఊళ్ళోకి వచ్చేశాయి. రాష్ట్రం మొత్తం మీద 180 మందికి పైగా చనిపోయారు. విమానాశ్రయం మే 3న మూతపడితే అక్టోబరు 21న గానీ తెరవలేదు. పక్కనున్న కానోయాస్ ఊళ్ళో ఒక గుర్రం ఇంటి కప్పు మీద, చుట్టూ నీళ్ళు, కదలకుండా నిలబడి ఉన్న ఫోటో మీరూ చూసే ఉంటారు. రోజుల తరబడి అలాగే ఉంది. మే 9న దాన్ని పడవలోకి ఎక్కించి తెచ్చారు. ఆ ఫోటో చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1986లో మా పక్కింటివాళ్ళ చూడిగేదె అరుగు మీద రెండు రాత్రులు ఇలాగే నిలబడింది. పలుపు విప్పేసినా కదల్లేదు.

ఇక జట్ల విషయం. ఆ ఏడు మొదటి డివిజనులో ఆడిన 20 జట్లలో మూడు ఈ రాష్ట్రానివి: గ్రెమియో, ఇంటర్నసియోనాల్, జువెంటూడ్. మొదటి రెండూ పోర్టో అలెగ్రెవే, తరతరాల పోటీ వాళ్ళది. ఇంటర్నసియోనాల్ వాళ్ళ స్టేడియం పేరు బెయిరా-రియో. ఆ మాటకు అర్థం ఏటి ఒడ్డు. గ్వాయిబాను పూడ్చిన నేల మీద కట్టి 1969లో తెరిచారు. పచ్చిక మీదికి బురద నీళ్ళు వచ్చేశాయి. గ్రెమియో స్టేడియం ఊరికి ఉత్తరాన పల్లపు పేటలో ఉంది. అదీ మునిగింది. జువెంటూడ్ కొండల మీద ఉండే కషియాస్ దొ సుల్ జట్టు. వాళ్ళ గ్రౌండు మునగలేదు గానీ కొండచరియలు విరిగి దారులు తెగిపోయాయి. స్పెయిన్ తరఫున ప్రపంచ కప్ ఆడిన డియెగో కోస్టా అప్పుడు గ్రెమియోలో ఉన్నాడు. మ్యాచ్‌లు లేని ఆ రోజుల్లో నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళను బయటికి తెచ్చేవాళ్ళతో కలిసి తిరిగాడు. ఇంటర్నసియోనాల్ ఆటగాడు తియాగో మాయా కూడా అంతే.

బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య మొదట ఈ మూడు జట్ల మ్యాచ్‌లు మాత్రమే వాయిదా వేసింది. మిగతావాళ్ళు ఆడుతూనే ఉన్నారు. మే 15న 7, 8 రౌండ్లను అందరికీ ఆపేసింది. జూన్ 1న మళ్ళీ మొదలుపెట్టారు.

న్యాయమేనా అని అడిగారు. న్యాయమేనండి. ఇంకో నెల ఆపినా న్యాయమే అనేవాణ్ణి. నేనింత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్తాను.

1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నేను ఒక లంక ఊరి హైస్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. ఉద్యోగంలో చేరి మూడో ఏడు. కొబ్బరి తోట పక్కన గ్రౌండు చదును చేయించి, సరుగుడు కర్రలతో గోలు పోస్టులు పాతించి, పదకొండు మంది పిల్లల్ని తయారు చేసుకున్నాను. నీళ్ళు తీశాక వెళ్ళి చూస్తే మోకాలి లోతు ఒండ్రు. గోలు కర్రలు లేవు. సెప్టెంబరులో జోను పోటీలు. పదిహేను రోజులు వెనక్కి జరపమని సైకిల్ మీద వెళ్ళి నిర్వాహకుల్ని అడిగాను. "అందరికీ ఒకటే తేదీ మాస్టారూ, రాకపోతే వాకోవర్ ఇచ్చేస్తాం" అన్నారు.

ఊరంతా బురదే, మెరక అంటూ మిగిలింది ఏటిగట్టు ఒక్కటే. పిల్లల్ని దాని మీదే ఆడించాను. గట్టు మీద ఒక ఎడ్లబండికి దారి. ఇటు గోదారి, అటు మురుగు కాలువ. బంతి మూరెడు పక్కకు పోతే నీళ్ళలోకి దిగి తేవాలి. మూడు రోజుల్లో పిల్లలు ఎంత నేర్చుకున్నారంటే, పాస్ ఇస్తే తాడు పట్టినట్టు తిన్నగా పోయేది. నేను పొంగిపోయాను. గోలీకి నిలబడే పిల్లాడి కాళ్ళు నీళ్ళలో నాని వేళ్ళ సందులు పాసిపోయాయి. పసుపు రాసి గుడ్డ కట్టి ఆడాడు.

పోటీ రోజున పెద్ద గ్రౌండు మీద దిగారు. ఈల వేశాక చూద్దును కదా, నా పిల్లలు పదిమందీ నడిమధ్యలో ఒకే వరసలో ఉన్నారు. "పక్కకి పోండ్రా, విడిపోండి" అని గీత బయట నుంచి అరుస్తూనే ఉన్నాను. వింటున్నారు, రెండడుగులు పక్కకు వేస్తున్నారు, మళ్ళీ మధ్యలోకి వచ్చేస్తున్నారు. పక్కన నీళ్ళున్నాయని కాళ్ళకు అలవాటైపోయింది. అవతలి జట్టువాళ్ళు రెండు అంచుల నుంచి హాయిగా వచ్చి నాలుగు గోల్స్ కొట్టి వెళ్ళారు. వాళ్ళ తప్పేం లేదు, మంచి పిల్లలు, మ్యాచ్ అయ్యాక మావాళ్ళకు సోడాలు ఇప్పించారు. ఆ స్కోరు కాగితం మీద 4-0 అని ఉంటుంది. గట్టు సంగతి అందులో ఉండదు.

అందుకని, 2024 పట్టిక చూసి గ్రెమియో 14వ స్థానం, చెత్త సీజను అని ఎవరన్నా అంటే నేను ఊరుకోలేను. వాళ్ళు నెలల తరబడి ఊరు కాని ఊళ్ళో "సొంత" మ్యాచ్‌లు ఆడారు. గ్రెమియో ఎక్కువగా కురిటిబా వెళ్ళింది. పోర్టో అలెగ్రె నుంచి రోడ్డు మీద 700 కిలోమీటర్లు ఉంటుంది, వేరే రాష్ట్రం. జూన్ 22న గ్రెమియో, ఇంటర్నసియోనాల్ మధ్య జరగాల్సిన ఊరి పోటీ కూడా కురిటిబాలోనే పెట్టారు. అమలాపురం, రాజోలు జట్ల పందేన్ని చెన్నై తీసుకెళ్ళి ఆడించినట్టు అనుకోండి. అందులో 1-0తో ఇంటర్నసియోనాల్ గెలిచింది. ఊళ్ళో ఎయిర్‌పోర్టు లేదు కాబట్టి ప్రతి ప్రయాణమూ చుట్టు తిరుగుడే. వాయిదా పడిన మ్యాచ్‌లన్నీ తర్వాతి నెలల్లో వారం మధ్యలో ఇరికించారు. చాలాకాలం పట్టికలో వాళ్ళ పేరు పక్కన ఆడిన మ్యాచ్‌లు మిగతావాళ్ళకంటే తక్కువ కనబడేవి.

ఇంటర్నసియోనాల్ జులై 7న ఏటి ఒడ్డు స్టేడియానికి తిరిగి వచ్చింది. ఆ రోజు వాస్కో చేతిలో 2-1తో ఓడిపోయింది. గ్రెమియో సెప్టెంబరు 1న గానీ తన గ్రౌండు చేరలేదు. అత్లెటికో మినెయిరో మీద 2-0తో ముందుండి కూడా 3-2తో ఓడింది. ఇంటికి వచ్చిన రోజే ఇద్దరూ ఓడారు. నాకు ఆశ్చర్యం అనిపించలేదు. వరద తీశాక ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రోజు మీరు వంట చేసుకోగలిగారా?

తర్వాత ఇంటర్నసియోనాల్ నిలబడిన తీరు మాత్రం చూడాలండి. సీజను మొదట జువెంటూడ్‌ను నడిపిన రోజర్ మషాదో జులైలో ఇక్కడికి కోచ్‌గా వచ్చాడు. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలల్లో లీగులో ఒక్క మ్యాచ్ ఓడలేదు. 65 పాయింట్లతో 5వ స్థానం. గ్రెమియో, జువెంటూడ్ చెరి 45 పాయింట్లతో గట్టెక్కాయి. పట్టికలో అడుగున మిగిలిన నాలుగు జట్లను మరుసటి ఏడు కింది డివిజనుకు దించేస్తారు. ముగ్గురిలో ఒక్కరు కూడా అలా పోలేదు. మీ అబ్బాయికి ఇది తెలిసే ఉంటుంది. ఆ గట్టు కథ మాత్రం మీరు చెప్పండి.

ప్రశ్న: అంత నష్టపోయిన ఆ మూడు జట్లనూ ఆ ఒక్క ఏడు కింది డివిజనుకు దించకూడదని ముందే రూలు పెట్టి ఉండాల్సింది కదా? మీరేమంటారు?
— ఒక కాలేజీ లెక్చరర్, అమలాపురం

జవాబు: నేను ఒప్పుకోనండి. ఆటలో నిలబడటానికి టైము ఇవ్వాలి, గ్రౌండు ఇవ్వాలి, ప్రయాణానికి దారి చూడాలి. ఇవి ఇచ్చాక పాయింట్లు వాళ్ళే తెచ్చుకుంటారు. నేను 1986లో అడిగింది పదిహేను రోజులు. ఎవరైనా మా పిల్లలకు ఆడకుండానే రెండో రౌండు ఇచ్చి ఉంటే వాళ్ళే ఒప్పుకునేవాళ్ళు కాదు. పదమూడేళ్ళ పిల్లలకే అంత పట్టింపు ఉంటే, జీతం తీసుకుని ఆడేవాళ్ళకు ఉండదా? ఇంకో మాట. ఆ ఏడు దిగిపోయిన నాలుగు జట్లు అత్లెటికో పరానాయెన్సె, క్రిసియూమా, అత్లెటికో గోయానియెన్సె, కుయాబా. ఇందులో అత్లెటికో పరానాయెన్సె పుట్టింది 1924లో. నూరేళ్ళ పండగ జరుపుకున్న ఏడాదే 42 పాయింట్లతో దిగిపోయింది. ఆడకుండా ఒకరిని కాపాడితే, ఆడి ఓడిన ఇలాంటివాళ్ళకు ఏం జవాబు చెప్తాం?

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. నేను తొమ్మిదో తరగతి. మా అన్నయ్య బ్రెజిల్ లీగులో ఫైనల్ మ్యాచ్ ఉండదంటాడు. ఫైనల్ లేకుండా కప్పు ఎవరికిస్తారు?
— ఒక విద్యార్థిని, ముమ్మిడివరం

జవాబు: మీ అన్నయ్య చెప్పింది నిజమే తల్లీ. 20 జట్లు ఉంటాయి. ప్రతి జట్టూ మిగతా 19 జట్లతో రెండేసి సార్లు ఆడుతుంది, ఒకసారి మన ఊళ్ళో, ఒకసారి వాళ్ళ ఊళ్ళో. మొత్తం 38. గెలిస్తే 3 పాయింట్లు, సమంగా ముగిస్తే 1, ఓడితే సున్నా. మీ బళ్ళో ఏడాది పొడవునా పెట్టే స్లిప్ టెస్టులన్నిటి మార్కులూ కలిపి ఫస్ట్ ఎవరో చెప్పినట్టు. అక్కడ కూడా పూర్వం ఫైనల్స్ ఉండేవి. 2003 నుంచి ఈ పద్ధతికి మారారు. ఆ మొదటి ఏడు 24 జట్లు, 46 మ్యాచ్‌లు. క్రుజెయిరో సరిగ్గా 100 పాయింట్లు తెచ్చుకుని గెలిచింది.

పాయింట్లు సమానమైతే ముందు ఎక్కువ మ్యాచ్‌లు గెలిచినవాళ్ళను పైన పెడతారు, ఆ తర్వాతే గోల్స్ తేడా చూస్తారు. పైన చెప్పిన గ్రెమియో, జువెంటూడ్ ఇద్దరికీ 45 వచ్చినా గ్రెమియో ఒక మెట్టు పైన ఉన్నది ఇందుకే. ఫైనల్ సరదా కావాలంటే బ్రెజిల్ కప్ అని వేరే పోటీ ఉంది, ఓడితే ఇంటికే. 2024లో అది ఫ్లమెంగో గెలిచింది.

నాకు ఈ లీగు పద్ధతే ఇష్టం. ఎంత పెద్ద పేరున్నా ఇందులో దాక్కోవడానికి వీలుండదు. పీలే ఆడిన శాంటోస్ క్లబ్బు ఉంది కదా, అది 2023 దాకా ఎన్నడూ కింది డివిజను మొహం చూడలేదు. పీలే 2022 డిసెంబరు 29న పోయారు. ఏడాది తిరక్కుండా, 2023 డిసెంబరు 6న, చివరి మ్యాచ్ సొంత గ్రౌండులో ఓడి దిగిపోయింది. ఒక్క రోజు ఆటకు అలా జరగలేదమ్మా. 38 మ్యాచ్‌లకు 43 పాయింట్లు, అంతే.

ప్రశ్న: మాస్టారూ, నేను వాలీబాల్ ఆడతాను. మొన్న సంక్రాంతి పోటీల్లో ఫైనల్లో మొదటి రెండు సెట్లు మావే, తర్వాతి మూడూ పోయాయి. చివరి సర్వీసు నేనే నెట్‌కి కొట్టాను. అప్పటినుంచి సర్వీసు నా వంతు వస్తే టెన్షన్, చెయ్యి బిగుసుకుపోతోంది. 2023లో చేజేతులా పోగొట్టుకున్న బొటాఫోగో జట్టు 2024లో గెలిచిందని విన్నాను. వాళ్ళు ఎలా బయటపడ్డారు?
— ఒక యువకుడు, నరసాపురం

జవాబు: బాబూ, నీ బాధ నాకు అర్థమైంది. ముందు వాళ్ళు పోగొట్టుకున్నది ఎంతో చెప్తాను.

బొటాఫోగో రియో డి జనీరో జట్టు. 1995 తర్వాత లీగు గెలవలేదు. 2023లో సగం సీజను అయ్యేసరికి 19 మ్యాచ్‌లకు 47 పాయింట్లు. రెండో జట్టుకు 13 పాయింట్ల దూరం. మధ్యలో కోచ్ లూయిస్ కాస్ట్రో సౌదీకి వెళ్ళిపోయాడు. తర్వాత కోచ్‌లు మారుతూనే ఉన్నారు. నవంబరు 1న వెనకాల తరుముకొస్తున్న పాల్మెయిరాస్ మీద సొంత గ్రౌండులో హాఫ్‌టైముకు 3-0తో ముందున్నారు. రెండో సగంలో పదిహేడేళ్ళ ఎండ్రిక్ రెండు గోల్స్ కొట్టాడు. బొటాఫోగో డిఫెండరు అడ్రియెల్సన్‌కు రెడ్ కార్డు, అంటే ఆట నుంచి బయటికి. వాళ్ళ పెద్ద స్ట్రైకర్ టికిన్యో సొయారెస్ పెనాల్టీ పోగొట్టాడు. ఆఖరి నిమిషాల్లో మరో రెండు గోల్స్ పడి 4-3తో ఓడిపోయారు. అక్కణ్ణించి కోలుకోలేదు. ఆఖరి 11 మ్యాచ్‌లలో ఒక్కటీ గెలవక 64 పాయింట్లతో 5వ స్థానంలో ఆగారు. 70 పాయింట్లతో పాల్మెయిరాస్ ఛాంపియన్.

మనసు గట్టి చేసుకుని వచ్చి గెలిచారని చాలామంది రాస్తారు. నేను అంత తేలిగ్గా చెప్పను. వాళ్ళు పని చాలా మార్చారు. లూయిస్ హెన్రిక్, తియాగో అల్మాడా లాంటి ఆటగాళ్ళ మీద డబ్బు పెట్టారు. ఏప్రిల్లో ఆర్తుర్ జోర్జె అనే పోర్చుగల్ కోచ్ వచ్చి సీజను చివరి దాకా ఉన్నాడు. 2023లో లేనిది అదే, ఒకే గొంతు. అయినా నవంబరు వచ్చేసరికి మళ్ళీ డ్రాలు మొదలయ్యాయి, పాల్మెయిరాస్ వచ్చి పాయింట్లలో సమానమైంది. ఊరంతా "మళ్ళీ అదే కథ" అనే ఉంటుంది. నవంబరు 26న పాల్మెయిరాస్ గ్రౌండులోనే ఇద్దరికీ మ్యాచ్. బొటాఫోగో 3-1తో గెలిచింది. మూడో గోల్ కొట్టింది ఎవరనుకున్నావు? పోయినేడు రెడ్ కార్డు తిన్న అడ్రియెల్సన్.

నీకు చెప్పాలనుకున్నది మాత్రం గ్రెగోరె సంగతి. ఆ మ్యాచ్‌లో మొదటి గోల్ అతనిదే. నాలుగు రోజులకు, నవంబరు 30న, బ్యూనస్ ఎయిర్స్‌లో దక్షిణ అమెరికా క్లబ్బుల పెద్ద పోటీ లిబెర్టడోరెస్ ఫైనల్. ఆట మొదలై నిమిషం కాకుండానే కాలు ఎత్తి అవతలి ఆటగాడి తలకు తగిలించాడు. రెడ్ కార్డు. జీవితంలో అతి పెద్ద మ్యాచ్‌లో మిగతా ఆటంతా పదిమందిని ఆడమని వదిలేసి బయటికి నడిచాడు. ఆ పదిమందే అత్లెటికో మినెయిరో మీద 3-1తో గెలిచారు. డిసెంబరు 4న ఇంటర్నసియోనాల్ మీద, అదే ఏటి ఒడ్డు స్టేడియంలో, 1-0. ఇక డిసెంబరు 8, లీగు ఆఖరి రోజు, సావోపాలో జట్టుతో సొంత గ్రౌండులో ఆట. డ్రా అయినా చాలు. 1-1 మీద ఉండగా, అదనపు సమయంలో గోల్ కొట్టింది గ్రెగోరె. 79 పాయింట్లు, 23 గెలుపులు. 29 ఏళ్ళ తర్వాత లీగు వాళ్ళది.

తొమ్మిది రోజుల్లో ఆ రెడ్ కార్డూ అతనిదే, ఈ గోలూ అతనిదే. మధ్యలో అతన్ని ఎవరూ మూల కూర్చోబెట్టలేదు. నీ జట్టువాళ్ళు నిన్ను కూర్చోబెట్టారని నువ్వు రాయలేదు, అంటే నీ సర్వీసు ఇంకా నీదే. రేపట్నుంచి పొద్దున్నే నెట్ దగ్గరికి వెళ్ళి యాభై సర్వీసులు కొట్టు. బలంగా వద్దు, అవతల గీతకు మూరెడు లోపల పడేట్టు. బంతి పైకి వేసే ఎడమ చెయ్యి చూసుకో. చెయ్యి బిగుసుకునేవాళ్ళలో నేను చూసినంతవరకు ముందు తప్పేది ఆ ఎగరెయ్యడమే, బంతి తల వెనక్కి పోతుంది. నెల తర్వాత నాకు మళ్ళీ రాయి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. అర్ధరాత్రి లేచి ఈ బ్రెజిల్ మ్యాచ్‌లు చూస్తున్నాడు. అవి పగలు రావా?
— ఒక తల్లి, రావులపాలెం

జవాబు: రావమ్మా. మనకంటే వాళ్ళు ఎనిమిదిన్నర గంటలు వెనక. అక్కడ ఆదివారం సాయంత్రం 4 గంటలకు మొదలయ్యే ఆట మనకు అర్ధరాత్రి దాటి 12:30కు వస్తుంది. కానీ అక్కడ రాత్రి 9:30కు పెట్టే మ్యాచ్‌లు కూడా ఉంటాయి, అవి మనకు పొద్దున్న 6 గంటలకు. వారానికి అలాంటిది ఒకటి ఎంచుకోమనండి. కాఫీ తాగుతూ మీరూ పక్కన కూర్చోండి.

ప్రశ్న: సార్, మేము ఇసుక తిన్నెల మీద, వానల్లో తడి గడ్డిలో ఆడతాం. కొత్త బంతి కూడా నెలకే పాడవుతోంది. తడిసిన బంతిని ఎండబెడితే కుట్లు విడిపోతున్నాయి. ఏం చెయ్యాలి?
— పదో తరగతి కుర్రాళ్ళు, సఖినేటిపల్లి

జవాబు: ఎండలో పెట్టకండిరా. పొయ్యి దగ్గర అసలు పెట్టకండి. మ్యాచ్ అయిన వెంటనే మంచినీళ్ళతో ఉప్పు, ఇసుక కడిగి, పాత తువ్వాలుతో తుడిచి, కొంచెం గాలి తీసి నీడలో గాలి తగిలే చోట వేలాడదీయండి. వలసంచీ ఉంటే చాలు. గాలి కొట్టే ముందు సూదికి ఒక చుక్క గ్లిజరిన్ రాయండి, లేకపోతే ఇసుక రేణువు వాల్వులోకి పోయి చీలుస్తుంది. పెద్దవాళ్ళ బంతి చుట్టుకొలత 68 నుంచి 70 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 450 గ్రాములు ఉండాలని రూలు. కిరాణా కొట్టు త్రాసులో తూచి చూడండి. తడి పీల్చి అంతకంటే బాగా బరువెక్కిన బంతిని తలతో కొట్టొద్దు.

ఈ మాట నేను ఊరికే చెప్పడం లేదు. 1986లో బడి గదుల్లోంచి ఒండ్రు తోడుతుంటే, ఏడో తరగతి గదిలో బల్లల కింద మా తోలు బంతి దొరికింది. నల్లగా, తాటిపండులా ఉంది. లేసు ఊడిపోలేదు. పిల్లలు దాన్ని ఏటి రేవులో కడిగి తెచ్చారు. త్వరగా ఆరాలని నేనే వంటపాకలో పొయ్యి పక్కన పెట్టించాను. పొద్దున్న చూస్తే తోలు బిరుసెక్కి, కుట్ల దగ్గర పగిలి, లోపలి బ్లాడరు బయటికి వచ్చింది. ఊరి చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పరుగెత్తాం. ఆయన ఇల్లూ మునిగింది, పనిముట్లు అరుగు మీద ఆరబెట్టుకుంటున్నాడు. అవి పక్కన పెట్టి ముందు మా బంతి తీసుకున్నాడు. మైనం రాసిన దారంతో కూర్చుని మధ్యాహ్నం దాకా కుట్టాడు, డబ్బులు పుచ్చుకోలేదు. ఏటిగట్టు మీద ఆడింది ఆ బంతితోనే.